మెక్సికో రొట్టెలో బొగ్గు ముక్క

ధరూర్ నుంచి శిరీష అనే అమ్మాయి ఫోన్ చేసింది. గద్వాల బస్టాండ్ దగ్గర రాత్రిపూట తిండి బండి పెట్టాలని చూస్తోందట. "అత్తా, నువ్వు గడ్డ మీద మెక్సికో తిండి అమ్మినవంట గద. గా పని ఎట్లుంటదో జర చెప్పరాదు" అంది. చెప్పబోయి ఆగిపోయాను. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. పెట్టుబడి ఎంత, అనుమతి ఎవరిస్తారు, గ్యాస్ ఎక్కడ దొరుకుతుంది, ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నాకు తెలిసినవి వేరే. వాటిలో సగం నాకే అర్థం కాలేదు. రాస్తే తలలో ఉన్నది వరుసకు వస్తుందని, యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పిన పంతులమ్మ అంటుండేది. వస్తుందేమో చూద్దామని రాస్తున్నాను.

గడ్డ అంటే కృష్ణా నది నడుమ ఉన్న మా ఊరు. నాలుగు వైపులా నీళ్ళు. బయటికి పోవాలంటే పుట్టి ఎక్కాలి. పుట్టి అంటే వెదురుతో అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పడవ. మా ఆయన లాలప్ప ఆ పుట్టి నడిపేవాడు. నేను రేవు పక్కన రాత్రిపూట బండి మీద రొట్టెలు కాల్చేదాన్ని. మణికట్టు పట్టేసి మానేశాను. నా ఉద్యోగం ఇంతే.

ఉస్తాద్ దగ్గర

పెళ్ళయిన కొత్తలోనే మేము హైదరాబాద్ పోయాం. పాలమూరు నుంచి కూలికి పోయిన వాళ్ళ కథ అందరికీ తెలిసిందే, మళ్ళీ చెప్పను. తట్టలు మోసి మోసి నడుము పట్టేశాక ఒక పెద్ద హోటల్లో గిన్నెలు తోమడానికి చేరాను. అక్కడ అమ్మేది మెక్సికో అనే దేశపు తిండి అని చాలా రోజుల దాకా నాకు తెలియదు. సరిగా కుదరని వంట అనుకున్నాను. రొట్టె అరచేయంత, కూర పొడి పొడి, చట్నీ పచ్చిది, పెరుగులో ఉప్పు తప్ప పోపు లేదు. అయినా జనం లైన్లో నిలబడి తినేవాళ్ళు. పాపం వీళ్ళకు ఇంట్లో వండేవాళ్ళు లేరేమో అని జాలిపడేదాన్ని.

ఒకరోజు రొట్టెలు చేసేవాడు రాలేదు. వంటశాలకు పెద్దగా ఉన్నాయన పాతబస్తీ మనిషి, అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. నన్ను పిలిచి, "అమ్మా, రొట్టె కొట్టుడు వస్తదా?" అన్నాడు. జొన్నరొట్టె వచ్చునన్నాను. కొట్టి చూపించాను. ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, "ఇది రొట్టెనా, తువ్వాలనా? చిన్నగ చెయ్యి. ఒక్క చేతిల పట్టాలె, ఇంకో చేతిల ఫోన్ ఉంటది వాళ్ళకు" అన్నాడు.

అలా నేర్చుకున్నాను. మక్కజొన్న రొట్టె చిన్నగా కాల్చి, మధ్యలో బొగ్గుల మీద కాల్చిన కోడిమాంసం పెట్టి, పచ్చి టమాటా, ఉల్లిగడ్డ, మిరపకాయ, కొత్తిమీర నూరిన చట్నీ వేసి, నిమ్మకాయ పిండి మడిచి ఇవ్వాలి. ఉడికించి మెదిపిన రాజ్మా ఒక పక్కన. ఒకసారి అడిగాను, "ఉస్తాద్, ఆ దేశంల నిజంగ గిట్లనే తింటరా?"

"నాకేమెరుక అమ్మా? నేను నాంపల్లి దాటి పోలె. నాకు ఇంకో ఉస్తాద్ చెప్పిండు. ఆయన బొంబాయిల నేర్చిండంట. ఆ దేశపోళ్ళు వచ్చి తప్పంటే అప్పుడు పరేషాన్ అవుదాం, ఇప్పుడు రొట్టె చూడు, మాడుతుంది."

ఆయన చేయి మంచిది, నోరు చెడ్డది. గిరాకీ ఎక్కువైతే పళ్ళేలు విసిరేవాడు. చివర్న తనే అందరికీ వడ్డించి తినమనేవాడు, విసిరింది మరిచిపోయినట్టు. మేము మరిచిపోయేవాళ్ళం కాదు. మీకు కూడా ఇలాంటి ఉస్తాదే దొరుకుతాడు. అతని చేతిని నేర్చుకోండి. నోటిని మాత్రం నేర్చుకోకండి. నేను కొంత నేర్చుకున్నాను, తర్వాత వదిలించుకోవడానికి కష్టమైంది.

చక్రాలెందుకు?

లాలప్ప వాళ్ళ అన్నకు చూపు తగ్గి పుట్టి నడిపే మనిషి లేకపోవడంతో మేము ఊరికి తిరిగి వచ్చాం. అప్పుడే గడ్డకు వంతెన పని మొదలైంది. ఎండాకాలంలో సిమెంటు పని రాత్రి చేస్తారు, పగటి వేడికి పగులుతుందట. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు నడిరాత్రి ఆకలితో కూర్చునేవాళ్ళు. వలలు వేసి వచ్చిన మా ఊరి బెస్తవాళ్ళు కూడా ఆ వేళకే ఒడ్డుకు చేరేవాళ్ళు. లాలప్ప ఒకరోజు, "నీకొచ్చిన గా మెక్సికో గిక్కడ పెట్టరాదు?" అన్నాడు. ఎగతాళి అనుకున్నాను. మరుసటి వారం గద్వాలలో పాత బండి ఒకటి చూసి వచ్చాడు.

బండిని విప్పి, చక్రాలు ఒకసారి, పెట్టె ఒకసారి పుట్టిలో తెచ్చాం. రేవులో చేపలు ఏరుతున్న బుచ్చమ్మ లేచి నిలబడి చూసింది. బుచ్చమ్మది బెస్తవాళ్ళ ఇల్లు, కొడుకు ఆంజనేయులు వల వేస్తాడు. ఊళ్ళో ఆమె నోటికి అందరూ భయపడతారు.

"ఊర్ల రోడ్డే లేకపాయె, నీ బండికి చక్రాలెందుకే హుసేనమ్మా? ఎక్కడ ఊరేగిస్తవ్?" అంది.

ఆమె అడిగింది నిజమే. మొదటి వానకు ఆ చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. తర్వాత బండి అక్కడి నుంచి అంగుళం కదలలేదు.

హైదరాబాద్‌లో రొట్టెల పిండి సంచుల్లో వచ్చేది. ఇక్కడ మక్కలు పట్టించి చేస్తే రొట్టె మడవగానే విరిగిపోయింది. ఎంత వేడి నీళ్ళు పోసి పిసికినా అంతే. ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. "సున్నం నీళ్ళల్ల ఉడకబెట్టి, రాత్రంత నానబెట్టి, కడిగి, తడిగనే రుబ్బు" అన్నాడు. తమలపాకులో వేసుకునే సున్నమే. నాకు నమ్మకం కలగలేదు, అయినా చేశాను. మొదటిసారి సున్నం ఎక్కువై, కడగడం చాలక, నాలుక పొక్కింది. దాన్నంతా గుంట తీసి పూడ్చాను. రెండోసారి కుదిరింది. రొట్టె బట్టలా మడతపడింది. సున్నానికీ మక్కకూ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు. బుచ్చమ్మ మాత్రం రేవంతా చెప్పింది, "ఆకుల ఏసే సున్నం రొట్టెల ఏస్తదంట. రేపు వక్కలు గూడ ఏస్తదేమో."

మొదట్లో పగలు కూడా బండి తెరిచాను. ఒక్కరూ రాలేదు. వాసనకు ఆగేవాళ్ళు, అటూ ఇటూ చూసి పోయేవాళ్ళు. రుచి నచ్చలేదేమో అనుకున్నాను. అది కాదు. పగలు ఇంట్లో పొయ్యి వెలుగుతుండగా మగవాడు బండి దగ్గర తింటే, భార్య వండి పెట్టడం లేదని ఊరు అనుకుంటుంది. పొద్దుపోయాక పొయ్యి ఆరిపోతుంది కాబట్టి ఎవరికీ తప్పు లేదు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చాలా రోజులు పగటి పిండి పారబోశాక అర్థమైంది. మీరు బండి పెట్టేముందు తిండి సంగతి కంటే ముందు, ఆ ఊళ్ళో ఏ వేళ తింటే ఎవరికి అవమానమో కనుక్కోండి.

పొట్లాలు

రాత్రిపూట గిరాకీ బాగానే ఉండేది. కానీ ఒక విషయం అంతుపట్టలేదు. బండి దగ్గర నిలబడి రెండు మూడు రొట్టెలు తినేవాళ్ళు, బాగుందనేవాళ్ళు. ఇంటికి పొట్లం కట్టిస్తానంటే మాత్రం వెనక్కి జరిగేవాళ్ళు. "వద్దులే అక్కా." "పిల్లలు పండుకున్నరు." "రేపు చూద్దాం."

చివరికి బుచ్చమ్మ కొడుకు ఆంజనేయులునే పట్టుకుని అడిగాను. పెళ్ళయి రెండేళ్ళు, భార్య లక్ష్మి అంటే ప్రాణం. "నీ పెండ్లానికి ఒక్కటి తీస్కపో ఆంజీ" అన్నాను.

"నడిరాత్రి కోడికూర చేతుల పట్టుకొని రేవు పొంటి పోవాల్నా? ఎంటబడ్తది అక్కా."

"ఏందిరా ఎంటబడేది?"

"ఏందో చెప్తే అదే వస్తది" అన్నాడు.

నాకు సిగ్గేసింది. చిన్నప్పుడు మా అమ్మ కూడా చీకటి పడ్డాక మాంసం గిన్నె ఇంకో ఇంటికి పంపితే, మూత మీద బొగ్గు ముక్క పెట్టేది. మాంసం వాసనకు గాలి, అంటే దయ్యం లాంటిది, వెంట వస్తుందని, బొగ్గు ఉంటే రాదని. హైదరాబాద్‌లో రాత్రంతా డెలివరీ పిల్లలు మోటార్ సైకిళ్ళ మీద మాంసం మోసుకుపోవడం చూసి చూసి ఇదంతా మరిచిపోయాను. అక్కడ ఎన్ని గాలులు వెంటపడ్డాయో మరి.

పొయ్యిలో నుంచి చల్లారిన బొగ్గు ముక్క తీసి, పొట్లం కాగితం మడతలో పెట్టి దారం చుట్టి ఇచ్చాను. ఆంజనేయులు దాన్ని తడిమి చూసి, నవ్వి, పట్టుకుపోయాడు. మరుసటి రోజు నుంచి పొట్లాలు మొదలయ్యాయి. చల్లార్చిన బొగ్గుల పళ్ళెం ఒకటి నిమ్మకాయల పక్కన చేరింది. నేను దాన్ని నమ్మానా లేదా అని ఎవరైనా అడిగితే చెప్పలేను. పెట్టకపోతే నాకే తోచేది కాదు.

వంతెన పనికి కొత్తగా ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు, ఎక్కడో గోదావరి వైపు వాడు. పొట్లం కట్టించుకుని పోయి, పది అడుగులు వేశాక చీకట్లోనే విప్పి, రొట్టె మీద పడిన బొగ్గుతో సహా కొరికాడు. తిరిగి వచ్చాడు, పళ్ళు నల్లగా ఉన్నాయి.

"ఏంటండీ ఇది? రొట్టెలో బొగ్గేంటండీ?"

నేను నోరు తెరిచేలోపే ఆంజనేయులు అందుకున్నాడు. "సారూ, అది మీకు గాదు. మీ ఎన్క వచ్చేటోనికి."

ఇంజనీరు నవ్వలేదు. మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ ఎవరూ లేరు, నది తప్ప. మరుసటి రాత్రి వచ్చి, "కొంచెం పెద్ద ముక్క వేయండి" అన్నాడు.

వరద రాత్రి

ఇప్పుడు చెప్పేది నేను ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా ఒక కొలిక్కి రాని సంగతి.

వానాకాలం. పైనుంచి నీళ్ళు వదిలారు, ఏరు నిండుగా పోతోంది. వంతెన పని ఆగింది. ఊరివాళ్ళ కోసం మాత్రం బండి తెరిచేదాన్ని. లక్ష్మికి ఐదో నెల. నోటికి ఏదీ సయించడం లేదని, నా చట్నీ పులుపు ఒక్కటే ఇష్టపడుతోందని ఆంజనేయులు పొట్లం పట్టుకుపోయాడు. రెండో రోజు పొద్దుగూకే వేళకు లక్ష్మికి వణుకు పట్టింది. ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తేలేస్తోంది, ఏదేదో మాట్లాడుతోంది.

రాత్రికి బుచ్చమ్మ నా బండి దగ్గరికి వచ్చింది. వెనక పదిమంది.

"నీ మాంసం ఎంట వచ్చింది గాలి. నా కోడల్ని పట్టుకుంది. బొగ్గు పెట్టలే నువ్వు. మొన్న పొట్లంల బొగ్గు లేదు" అంది.

ఊరి పెద్ద సాయన్న కూడా వచ్చాడు. మెత్తటి మనిషి, ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. ఆయన అందరినీ ఆపి నిదానంగా చెప్పాడు. "జర ఆగుండ్రి. బొగ్గు లేకపోతే అది గాలే. తెల్లారినంక మంత్రమేసేటాయన్ను పిలుద్దాం, బండి గూడ ఇక్కడికెళ్ళి తీసేద్దాం. బొగ్గుంటే మాత్రం గాలి తాకదు, మన తాతల కాలం నుంచి ఉన్న మాట. బొగ్గుంటే అది రోగమే. రోగమైతే ఇప్పుడే దవాఖానకు తీస్కపోవాలె."

అప్పటికే ఆంజనేయులు నూట ఎనిమిదికి ఫోన్ చేశాడు. అంబులెన్స్ అవతలి రేవుకు వస్తుందన్నారట. నది దాటించుకోవడం మాత్రం మన పనే. లాలప్ప నా పక్కనే నిలబడ్డాడు. ఏటి వైపు చూస్తున్నాడు, నా వైపు చూడటం లేదు.

"చెప్పు. పెట్టినవా, లేదా? పెట్టిన్నంటే ఇప్పుడే పుట్టి దించుత" అన్నాడు.

గుర్తు రాలేదు. పొట్లం కట్టిన చేయి గుర్తుంది, దారం గుర్తుంది, ఆంజనేయులు మొహం గుర్తుంది. బొగ్గు ముక్క గుర్తు లేదు. రోజూ చేసే పని అలాగే ఉంటుంది, చేతికి తెలుస్తుంది కానీ మనసుకు తెలియదు. పెట్టలేదంటే లక్ష్మి తెల్లారేదాకా ఆ గదిలో వణుకుతూ పడి ఉండాలి, నా బండి పోతుంది. పెట్టానంటే నా మొగుడు ఆ వరదలోకి దిగాలి. బుచ్చమ్మ నా కళ్ళలోకే చూస్తోంది. ఆ చూపులో కోపం కాకుండా ఇంకేదో ఉందని అప్పుడే అనిపించింది. అది ఏమిటో పోల్చుకోలేకపోయాను.

"పెట్టిన" అన్నాను.

"అబద్ధం" అంది బుచ్చమ్మ.

"పెట్టినక్కా. నా చేతులతోని పెట్టిన."

లాలప్ప ఇంకో మాట వినలేదు. పుట్టిని నలుగురు ఎత్తి నీళ్ళలో పెట్టారు. ఆంజనేయులు లక్ష్మిని దుప్పట్లో చుట్టి ఎత్తుకుని ఎక్కాడు. అందరికంటే చివర్న బుచ్చమ్మ చీర పైకి దోపుకుని నీళ్ళలోకి దిగింది. ఎవరూ రమ్మనలేదు. ఆమె ఆ రేవు దాటి ఎన్నో ఏళ్ళయిందని నాకు తర్వాత తెలిసింది. పుట్టి అంచు పట్టుకుని ఎక్కి, కోడలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టార్చిలైటు కొంచెం దూరం కనిపించింది. తర్వాత కనిపించలేదు.

నేను బండి దగ్గరే కూర్చున్నాను. సాయన్న నా పక్కన కూర్చుని, "ఏమన్న ఉంటే పెట్టు బిడ్డా, ఆకలైతుంది" అన్నాడు. ఆ పరిస్థితిలో ఆయనకు ఆకలి ఎలా వేసిందో, నేను రొట్టె ఎలా కాల్చి ఇచ్చానో తెలియదు. తిన్నాడు. బాగుందన్నాడు కూడా.

దవాఖాన మెట్ల మీద

ఆ రాత్రే అవతలి ఒడ్డుకు చేరామని ఫోన్ వచ్చింది. గద్వాల దవాఖానలో, మూత్రంలో చీము చేరి ఆ జ్వరం వచ్చిందని చెప్పారు. గర్భిణులకు వస్తుందట. తిండి వల్ల కాదని డాక్టరమ్మ అన్నాకే నాకు ఊపిరి ఆడింది. ఎందుకంటే గాలి కాకపోతే నా కోడిమాంసమేనేమో అన్న భయం రాత్రంతా ఉంది. లక్ష్మి కోలుకుంది. కడుపులో బిడ్డకు ఏమీ కాలేదు.

నీళ్ళు తగ్గాక నేను చూడ్డానికి పోయాను. బుచ్చమ్మ దవాఖాన మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. తర్వాత తనే అంది.

"బొగ్గు ఉండె."

"ఏంది?"

"పొట్లం నేనే ఇప్పిన. బొగ్గు ఉండె. నా చేతులతోనే తీసి పొయ్యిలేసిన."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇంకా అయోమయమైంది. "మరి లేదని ఎందుకన్నవ్ అక్కా?"

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీరు పట్నంల ఉన్నప్పుడు నా పెద్దబిడ్డకు నొప్పులొచ్చినయ్. గిట్లనే వరద. వద్దు, ఇంట్లనే కాన్పు చేద్దామని ముసలోళ్ళు అన్నరు. దవాఖానకు పోదామని నేనే జిద్దు చేసిన. నడుమల పుట్టి తిరగబడ్డది. మల్ల దొరకలె నా బిడ్డ. ఊర్ల ఎవర్ని గా ముచ్చట ఎత్తనియ్యలె నేను. గాలి అంటే ఇంట్లనే ఉంటది గద, కోడలు. ఏట్లకు పోదు గద."

నేను తెలియకుండా చెప్పిన మాట నిజమైంది. ఆమె తెలిసి చెప్పిన మాట అబద్ధం. నాది అబద్ధమేమో అని నేను నాలుగు రోజులు కుమిలిపోయాను. ఆమె మీద కోపం రావాలి, రాలేదు. ఆమె మాటే గెలిచి ఉంటే లక్ష్మి ఉండేది కాదేమో అనుకున్నాను. అది కూడా గట్టిగా చెప్పలేను.

ఊళ్ళో నాకు మంచి పేరు వచ్చింది. హుసేనమ్మ ఒక్క మాటతో లక్ష్మిని బతికించింది అంటారు. బండిని ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు నడిపాను. బుచ్చమ్మ చెప్పింది నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాయొచ్చా అని ఆమెను అడిగితే, "రాస్కో, నేనేమన్న సదువుతనా?" అంది.

కొన్ని వారాల తర్వాత, భోజనం చేస్తూ లాలప్ప ఒక మాట అన్నాడు. ఆ రాత్రి నది నడుమ తెడ్డు చేతిలోంచి జారిపోయిందట. పుట్టి గిరగిరా తిరిగింది. ఆంజనేయులు రెండు చేతులూ నీళ్ళలో పెట్టి తోశాడు. ఏ ఒడ్డు ఎటు ఉందో ఎవరికీ తెలియలేదు. కొంతసేపు అలా తిరిగి, నీళ్ళే వాళ్ళను అవతలి ఒడ్డున ఒక బండరాయికి చేర్చాయట.

"అంతసేపు బుచ్చమ్మ ఏమన్నది?" అని అడిగాను.

"ఏమనలే. కోడలి చెవులు మూసి పట్టుకుంది, నీళ్ళ సప్పుడు ఇనపడకుంట."

ఆ రాత్రి గిన్నెలు తోముతూ అదే తిప్పి తిప్పి అనుకున్నాను. నేను "పెట్టిన" అన్న మాటకు నలుగురు నీళ్ళలో పోయి ఉంటే, ఊరు నన్ను ఏమని పిలిచేది? నేను నన్ను ఏమని పిలుచుకునేదాన్ని? మాట అదే. నేనూ అదే మనిషిని.

పొద్దున లేచి బుచ్చమ్మ ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో చేపలు తోముతోంది. లోపల లక్ష్మి ఏదో వండుతోంది, పోపు వాసన వస్తోంది. నన్ను చూసి బుచ్చమ్మ, "ఏందే, గట్ల గుంజలెక్క నిలబడ్డవ్? కత్తిపీట అందుకో" అంది. పుట్టి గిరగిరా తిరుగుతుంటే నన్ను ఏమనుకున్నావని అడుగుదామని పోయాను, అడగలేదు. ఆమె పక్కన కూర్చుని చేప తలలు కోశాను.